ఖారూన్‌లో దిగడానికి ముందు

నాకు నీళ్లంటే భయమని మా ఆయనకు పెళ్లయిన ఐదేళ్లకు గానీ తెలియలేదు. తెలిసే అవకాశమూ లేదు. రాయ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టరుకు పొద్దున ఒక గంట కుళాయి వచ్చేది. బకెట్లు నింపుకుని చెంబుతో పోసుకునేవాళ్లం. గుఢియారీ బజారుకు వెళ్లే దారిలో ఒక చెరువు ఉండేది. దాన్ని తప్పించుకోవడానికి నేను రెండు వీధులు చుట్టు తిరిగి వెళ్లేదాన్ని. నేను ప్రసూతి వార్డులో నర్సుని. పుట్టిన బిడ్డకు స్నానం చేయించే పని నా వంతుకు వస్తే, నడుము నొప్పి అని చెప్పి తోటి నర్సుకు అప్పగించేదాన్ని. తొట్టిలో జానెడు నీళ్లే ఉండేవి. అయినా నా చేతులు చల్లబడిపోయేవి.

దానికి కారణం మా ఊరి కాలువ. మాది కృష్ణా జిల్లా. నాకు పదకొండేళ్లు, మా చెల్లికి ఆరేళ్లు. ఒక మధ్యాహ్నం అమ్మ మా ఇద్దరినీ అంట్లు తోముకు రమ్మని కాలువ రేవుకు పంపింది. చివరి మెట్టు పాచి పట్టి ఉంది. చెల్లి జారింది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను. ఆ ఊపుకి నేనూ మెడ దాకా నీళ్లలోకి వెళ్లిపోయాను. అప్పుడు నేను చెయ్యి వదిలేసి గట్టున ఉన్న తుంగ పట్టుకున్నాను. చెల్లి సాయంత్రానికి లాకుల దగ్గర దొరికింది.

నేను అటు తిరిగి గిన్నె తోముతున్నానని, చూసేసరికి చెల్లి లేదని చెప్పాను. నా బట్టలు తడిసి ఉన్నాయేమని ఎవరూ అడగలేదు. వెతకడానికి దిగానని అనుకున్నారు. చెప్పకుండా చిన్నదాన్ని కాలువకు తీసుకెళ్లానని నాన్న నన్ను బెల్టుతో కొట్టాడు. వెళ్లమన్నది అమ్మేనని చెప్పాలని నాకు తోచలేదు. ఆ దెబ్బలు ఇంకో దానికి పడుతున్నాయని నాకు తెలుసు కనుక నోరు మూసుకుని పడ్డాను. ఆ రోజు నుంచి ఎవరైనా కాస్త గట్టిగా పిలిస్తే, ఇప్పుడు అడుగుతారు, ఇప్పుడు బయటపడుతుంది అని గుండె దడదడలాడేది.

రాయ్‌పూర్‌లో మా తెలుగు సంఘం ఒక హిందీ చర్చి వెనక హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు కూడేది. ముప్పై కుటుంబాలు ఉండేవేమో, ఎక్కువమంది రైల్వేవాళ్లు, నర్సులు. మా ఆయన గూడ్స్ షెడ్డులో గుమాస్తా. ఆయన పెళ్లికి ముందే బాప్తిస్మం తీసుకున్నాడు. నేను క్రైస్తవ ఇంట్లోనే పుట్టినా తీసుకోలేదు. మా సంఘంలో నీళ్లలో పూర్తిగా మునగాలి. ఏటా ఫిబ్రవరిలో, చలి తగ్గాక, ఖారూన్ నది దగ్గర ఇచ్చేవారు. అది తీసుకోనివారికి ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడంలో, పాలు లేదు. రొట్టె పళ్లెం వచ్చినప్పుడు నేను తల వంచుకుని పక్కావిడకు అందించేదాన్ని.

మునగడమంటే పాత బతుకు సమాధి కావడం, పైకి లేవడమంటే కొత్త బతుకు అని పాస్టరుగారు ఏటా చెప్పేవారు. పైకి లేస్తామని ఆయనకు ఎలా తెలుసు? ఎవరూ చూడని ఆ మధ్యాహ్నం దేవుడొక్కడే చూశాడు. నేను నీళ్లలోకి దిగితే ఆయన నన్ను మళ్లీ పైకి రానివ్వడని నేను నిజంగా నమ్మాను. ఒక ఏడు జ్వరం అన్నాను, ఒక ఏడు కడుపుతో ఉన్నాను, రెండేళ్లు డ్యూటీ వేయించుకున్నాను.

ఐదో ఏడు మా ఆయనే నా పేరు ఇచ్చి వచ్చాడు. కాదనలేకపోయాను. తెల్ల చీర కట్టుకుని వరసలో నిలబడ్డాను. నా ముందు ముగ్గురు మునిగి లేచారు. గట్టున పాట సాగుతోంది. పాస్టరుగారు చెయ్యి చాచారు. మోకాళ్ల దాకా దిగాను. కాలి కింద ఇసుక కదిలింది. అంతే, వెనక్కి తిరిగి పరుగెత్తాను. గట్టు మీద పడి లేచి, తడి చీరతో రోడ్డు దాకా వెళ్లి ఒక రిక్షా పక్కన కూర్చుండిపోయాను. మా పాప ఏడుస్తూ నా వెనకే వచ్చింది. పాట ఆగిపోయింది.

ఇంటికి వచ్చాక మా ఆయన కోప్పడలేదు. స్టవ్ మీద నీళ్లు పెట్టి టీ కాచి ఇచ్చాడు. ఏం జరిగిందని అడిగాడు. నీళ్లంటే చిన్నప్పటి నుంచి భయమని మాత్రం చెప్పాను. ఇంతేనా అని ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ముఖం చూశాక మిగతాది చెప్పడం ఇంకా కష్టమైంది.

మర్నాడు మధ్యాహ్నం పాస్టరమ్మగారు వచ్చారు. ఆవిడ రాయ్‌పూర్‌లోనే పుట్టి పెరిగిన మనిషి, తెలుగులో హిందీ మాటలు కలిసేవి. డెబ్బై దగ్గర పడుతున్నా అన్ని ఇళ్లకూ నడిచే తిరిగేవారు. నన్నేమీ అడగలేదు. మా పాప జడ విప్పి దువ్వుతూ కూర్చున్నారు. పాప ఆడుకోవడానికి వెళ్లాక, ఎందుకో తెలియదు, ఆవిడకు మొత్తం చెప్పేశాను. చెయ్యి వదిలేశానన్న మాట మొదటిసారి నా నోటితో అన్నాను.

దేవుడు క్షమిస్తాడని ఆవిడ అంటారనుకున్నాను. ఆవిడ దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీసి ఉండ చుట్టారు.

"మీ అమ్మకి మాలూమ్ ఉందా బేటీ?"

లేదన్నాను.

"అయితే నదికి జల్దీ ఏం లేదు. ముందు అమ్మకి చెప్పు."

ఖారూన్‌లో మునగడమే నయమనిపించింది. పది నెలలు ఆ మాట మోస్తూ తిరిగాను. ఉత్తరం రాయబోయి నాలుగుసార్లు చింపేశాను. అప్పటికి నాన్న పోయి ఏడాది దాటింది. క్రిస్మస్‌కు అమ్మ మా దగ్గరికి వచ్చి, మా పాపను వదల్లేక ఉండిపోయింది. నేను రోజూ ఈరోజు చెబుతాను అనుకోవడం, పొద్దుగూకాక హమ్మయ్య అనుకోవడం. పండగ వెళ్లి, కొత్త సంవత్సరం వెళ్లి, ఇక తిరుగు ప్రయాణం మాట ఎత్తిన రోజున చెప్పాను.

అమ్మ వెనక వసారాలో చేటతో కందిపప్పు బాగు చేస్తోంది. నేను ఎదురుగా కూర్చుని, అమ్మ ముఖం చూడకుండా, చేట వైపు చూస్తూ చెప్పాను. అమ్మ వేళ్లు ఆగలేదు. నేను చెప్పడం అయిపోయాక కూడా రెండు రాళ్లు ఏరి బయటకు విసిరింది. తరవాత అడిగింది.

"అది పిలిచిందా?"

పిలవలేదని చెప్పొచ్చు. ఆ అబద్ధం నా నాలుక మీద సిద్ధంగా ఉంది. అమ్మకు మేలు చేసినట్టే అనుకున్నాను కూడా. కానీ ఇంకో అబద్ధం మోసే ఓపిక నాకు లేదు.

"పిలిచిందమ్మా. అక్కా అని ఒక్కసారి."

అమ్మ చేట కింద పెట్టి లోపలికి వెళ్లింది. ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు మా ఆయనతో టికెట్ తీయమని చెప్పింది, నాతో మాట్లాడలేదు. నేను డ్యూటీకి వెళ్లి, సూది మందు ఎక్కించేటప్పుడు పేరు మూడుసార్లు చూసుకున్నాను. అమ్మ వెళ్లిపోతుంది, ఇక ఎప్పుడూ రాదు, చుట్టాలకు చెబుతుంది, ఊరందరికీ తెలుస్తుంది.

మూడో రోజు మధ్యాహ్నం నేను బట్టలు ఆరేస్తుంటే అమ్మ వచ్చి తీగకు అటు పక్క నిలబడింది. మా మధ్య దుప్పటి ఉంది. అవతల నుంచే మాట్లాడింది.

"రేవుకు పంపింది నేనే. మీ నాన్నకి చెప్పకుండా పోయారని చెప్పాను. నన్ను చంపేస్తాడని భయమేసింది. నిన్ను బెల్టుతో కొడుతుంటే పొయ్యి దగ్గర కూర్చుని చూశాను. ఆ దెబ్బలు నావే."

నాకు తెలియనిది కాదు. మమ్మల్ని పంపింది అమ్మేనని నాకు ఎప్పుడూ గుర్తుంది. కానీ అమ్మ కూడా ఇన్నేళ్లూ నేనెప్పుడు నోరు విప్పుతానా అని నా ముఖం వైపు చూసి భయపడి ఉంటుందని ఆ క్షణం దాకా నాకు తట్టలేదు. దుప్పటి పక్కకు జరిపాను. అమ్మ చిన్నగా అయిపోయి కనిపించింది.

"నువ్వు కూడా పోయి ఉంటే నాకు ఎవరూ మిగిలేవాళ్లు కాదు," అంది. అంతకు మించి ఆ సంగతి మేం మాట్లాడుకోలేదు. టికెట్ రద్దు చేయించమని ఆమే మా ఆయనతో చెప్పింది. ఆ సాయంత్రం నేను ఆయనకూ అంతా చెప్పాను. ఆయన ఈసారి ఊపిరి పీల్చుకోలేదు. పక్కన కూర్చుని ఉండిపోయాడు.

ఫిబ్రవరిలో మళ్లీ పేరు ఇచ్చాను. ఈసారి నేనే వెళ్లి ఇచ్చాను. భయం పోయిందనుకుంటే పొరపాటు. రిక్షాలో దారి పొడుగునా పక్క కమ్మీ పట్టుకునే కూర్చున్నాను. అమ్మ గట్టున పాపను ఎత్తుకుని నిలబడింది. ఇసుక కదిలినప్పుడు నేను ఆగిపోయాను. పాస్టరుగారు తొందర పెట్టలేదు. నడుము దాకా నీళ్లలో ఆయనా చలికి వణుకుతున్నారు. దేవుడు నన్ను లోపలే ఉంచేస్తాడేమో అన్న ఆలోచన అప్పుడూ వచ్చింది. ఉంచితే ఉంచనీ, ఇక దాచింది ఏమీ లేదు అనుకుని ఇంకో అడుగు వేశాను.

మునిగినప్పుడు పాట వినపడలేదు, చెవుల్లో హోరు తప్ప. నేను గింజుకున్నాను. నా మోచెయ్యి తగిలి పాస్టరుగారి కళ్లజోడు నదిలో పడిపోయింది. పైకి లేచేసరికి ఆయన కళ్లు చికిలించి నవ్వుతున్నారు. మా సంఘం కుర్రాళ్లు ఆ కళ్లజోడు కోసం అరగంట వెతికారు, దొరకలేదు. ఆ తరవాతివాళ్లకు ఆయన ముఖాలు సరిగా కనపడకుండానే బాప్తిస్మం ఇచ్చారు.

నాకు గొప్ప ఆనందమేమీ కలగలేదు. చలేసింది, ముక్కులో నీళ్లు మండాయి. ఊపిరి ఆడుతోందని మాత్రం పదే పదే గమనించుకున్నాను. అమ్మ తువ్వాలుతో నా తల తుడుస్తూ, జలుబు చేస్తుంది తొందరగా చీర మార్చుకోమంది.

భయం ఒక్క రోజులో పోలేదు. బండి వంతెన మీదకు రాగానే కళ్లు మూసుకోవడం నాకు చాలా ఏళ్లు అలవాటుగా ఉంది. కానీ ఎవరైనా గట్టిగా పిలిస్తే గుండె దడదడలాడడం మాత్రం ఆగిపోయింది. అమ్మ ఎండాకాలం దాకా మా దగ్గరే ఉంది. ఒక రోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మా పాపకు అన్నం పెడుతూ, పిన్ని చిన్నప్పుడు పెరుగు మీద మీగడంతా వేలితో తీసుకు తినేసి పిల్లి మీద చెప్పేదని అమ్మ కథలా చెబుతోంది. పదహారేళ్లుగా మా ఇంట్లో ఎవరూ అనని పేరు ఆమె నోట మామూలుగా వస్తోంది. పాప ఆ పిన్ని ఇప్పుడెక్కడుందని నన్ను అడిగింది. నేను చెప్పులు విప్పి, వాళ్ల పక్కన కూర్చుని, చెప్పడం మొదలుపెట్టాను.