పడవలో ఒకే చుక్కల సీసా

ఉబ్బసం ఉన్న మా బావ కళ్ళలో నీటికాసుల (గ్లాకోమా) మందు వేసి ప్రాణం మీదికి తెచ్చింది మా నాన్నే. పొద్దున్న వేటలో ఉప్పుగాలికి బావ కళ్ళు ఎర్రబడితే, నాన్న తను రోజూ వేసుకునే చుక్కలే వేశాడట. కాసేపటికి బావకు ఊపిరి అందలేదు. ఇన్‌హేలర్ పీల్చినా తగ్గలేదు. పడవ వెనక్కి తిప్పి ఒడ్డుకి చేర్చాక, అందరం కలిసి శ్రీకాకుళం ఆసుపత్రికి తెచ్చాం.

"ఆ చుక్కలు కంట్లోంచి ఒంట్లోకి వెళ్తాయి. ఊపిరి గొట్టాలను బిగించేస్తాయి, ఇన్‌హేలర్‌ని కూడా పనిచేయనివ్వవు" అన్నారు డాక్టరమ్మ.

"పడవలో కూడూ నీళ్ళూ అందరికీ ఒకటే గదమ్మా, మందొక్కటీ ఏరేటి?" అన్నాడు నాన్న.

నాన్న మీద గట్టిగా అరిచాను. బావ ఆక్సిజన్ మాస్కు పక్కకి లాగాడు.

"ఒరే, దొరికిన కరపత్రమల్లా సదూతావు గదా, ఆ మందు పెట్టెలో కాయితం సదివావేటి?"

చదవలేదు. నెలనెలా ఆ సీసా కొనితెచ్చేది నేనే.

మీ ఇంట్లో ఒకే సీసా ఎంతమంది కళ్ళకు తిరుగుతోందో కింద రాయండి. రాసి ఊరుకోవద్దు. కంటి చుక్కలతో సహా ఇంట్లో మందులన్నీ పట్టుకుని, రేపు సాయంత్రం ఐదింటికి వలలు బాగుచేసే పాక దగ్గరికి రండి. మన ఊరి ఆరోగ్య కేంద్రం నర్సమ్మ వస్తానన్నారు. పెట్టెల్లో కాగితాలు పైకి చదివేది నేను.