తుపాకి ఉన్న భాగం

మా పెదనాయన పోయిన సంగతి ఆత్మకూరులో ఉన్న నాకు తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. నేను ఏడుపు మొదలుపెట్టకముందే, "తుపాకి స్టేషన్‌లోనే ఉండాదక్కా, బయపడబాక" అన్నాడు. నేనూ తక్కువదాన్నేమీ కాదు. "రసీదు ఎవురికాడ ఉండాది?" అని అడిగాను. ఆ తర్వాతే ఇద్దరం ఏడ్చాం.

చదివేవాళ్ళు మమ్మల్ని మరీ అన్యాయమైన మనుషులనుకోకుండా కొంచెం చెప్పాలి. కొన్ని ఇళ్ళల్లో షుగరు జబ్బు తరతరాలుగా వస్తుంది. మా ఇంట్లో అనుమానం అలా వస్తోంది. మా నాయనకు వాళ్ళన్న మీద అనుమానం. ఆ అనుమానం మాకు పొలంతో పాటే వచ్చింది. పెదనాయనకు పిల్లల్లేరు. మమ్మల్నే పిల్లలనుకున్నాడు. మేము మాత్రం ఆయన పెట్టిన బెల్లం ముక్క కూడా, ఇదెందుకు పెడుతున్నాడా అని ఆలోచిస్తూ తిన్నాం.

ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే దారిలో లోపలికుంటుంది మా ఊరు. అంతా మెట్ట. అలాంటి చోట ఎండాకాలంలోనూ ఎండని బావి మా తాతకు ఒకటుండేది, దాని కింద మంచి పొలం. ఇంకా, గోడకు వేలాడే జోడు గొట్టాల తుపాకి. ఎవరో దొర వెళ్ళిపోతూ తాతకు ఇచ్చి పోయాడని చెప్పుకునేవాళ్ళు. తాత పోయాక అన్నదమ్ములు పంచుకున్నారు. పెద్దవాడు భాగాలు వేస్తే చిన్నవాడు ముందు కోరుకోవడం మా వైపు ఆనవాయితీ. చిన్నవాడు ఏది కోరుకుంటాడో తెలియదు కనుక పెద్దవాడు జాగ్రత్తగా సమానంగా వేస్తాడు. మా పెదనాయన ఏం చేశాడంటే, బావినీ బావి కింద పొలాన్నీ ఒక వైపు పెట్టాడు. రాళ్ళ చేలనూ తుపాకినీ రెండో వైపు పెట్టాడు. పెద్దమనుషులు కూడా, "ఏందయ్యా, తెలిసే ఏస్తుండావా?" అని అడిగారట. "కోరుకోమనండి" అన్నాడట.

మా నాయన బావి వైపు కోరుకున్నాడు. ఎవరైనా అదే కోరుకుంటారు. కానీ ఆ రాత్రి నుంచే ఆయనకు నిద్ర పట్టలేదు. "మా అన్న ఊరికే ఇయ్యడు. బావి పొలం ఇడిచిపెట్టినాడంటే ఆ తుపాకిలో ఏందో ఉండాది" అనేవాడు. ఏముందో ఎవరికీ తెలియదు. ఏటికేడు మా నాయన లెక్కలో దాని విలువ పెరుగుతూ పోయింది. దొరల తుపాకులు ఎక్కడో లక్షలు పలుకుతాయని ఎవరో అంటే, ఆ మాట చివరిదాకా పట్టుకున్నాడు. కొన్నేళ్ళ కిందట ఆయన పోయేటప్పుడు కూడా తమ్ముడితో, "ఆ తుపాకిని కనిపెట్టుకోనుండు" అన్నాడు.

పెదనాయన తీరు కూడా ఆ అనుమానానికి పాలు పోసి పెంచినట్టే ఉండేది. తుపాకిని ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. దసరాకు ఆయుధపూజ చేసేటప్పుడు మాకు వీపు పెట్టి కూర్చుని తనే పసుపూ కుంకుమా పెట్టేవాడు. "ఒకసారి చూడనీ పెదనాయనా" అంటే, "దాని జోలి మీకొద్దమ్మా" అనేవాడు. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌లో అప్పగించాలి గదా. పెద్దమ్మ పాత నూలు చీరలో దాన్ని చుట్టి, పసిబిడ్డనెత్తుకున్నట్టు ఎత్తుకుని ఉదయగిరి బస్సెక్కేవాడు. ఎన్నికలైపోయాక పోయి తెచ్చుకునేవాడు. తెచ్చుకున్న తర్వాత విప్పి చూడడం కూడా గది తలుపేసుకునే.

పందుల సంగతి మరీ విచిత్రం. శెనక్కాయ చేల మీద అడవి పందులు పడితే ఊళ్ళో వాళ్ళు ఆయన్ను పిలిచేవాళ్ళు. చంపడానికి కాదు, కాస్త బెదరగొట్టడానికి. ఆయన తుపాకి భుజాన వేసుకుని గట్టు మీద ఠీవిగా నిలబడేవాడు. ఆ తర్వాత జేబులోంచి దీపావళికి మిగిలిన లక్ష్మీబాంబు తీసి బీడీతో అంటించి చేలోకి విసిరేవాడు. పందులు పారిపోయేవి. "తుపాకి పేల్చచ్చు గదా" అని ఎవరన్నా అంటే, "తూటాలు నీ మామ ఇస్తాడంట్రా?" అని కసిరేవాడు. పిసినారి అని ఊరంతా నవ్వింది. మా నాయన మాత్రం నవ్వలేదు. వాడితే విలువ తగ్గుతుందని దాస్తున్నాడు, అన్నాడు.

ఇంకొక అలవాటు. రోజూ సాయంత్రం మా బావి దగ్గరికి వచ్చి, మోటారు పక్కనున్న బండ మీద తువ్వాలు పరచుకుని కూర్చునేవాడు. నేను పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న. "పాపా, బావిలో నీళ్ళెంతుండాయి?" వదులుకున్న బావి మీద ఇంకా కన్నుందని మా అందరి నమ్మకం. "ఏదో ఉండాయిలే" అని ముక్తసరిగా చెప్పి ఊరుకునేదాన్ని. బావి పూడిక తీసేటప్పుడైతే పొద్దున్నే వచ్చి గట్టున నిలబడేవాడు. పైకొచ్చిన బురదను చేతికర్రతో కదిపి కదిపి చూసేవాడు. తాత ఆ బావిలో బంగారం పడేసి ఉంటాడు, అది ఈయనకు తెలుసు, అని తమ్ముడు తేల్చేశాడు. ఆ వారమంతా మేమూ బురద కదిపాం. చెప్పుకోడానికి సిగ్గేగానీ ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఈసారి పంచాయతీ ఎన్నికలకని తుపాకి స్టేషన్‌లో ఉండగానే ఆయన పోయాడు. దినానికి ఊరి వాళ్ళంతా వచ్చారు. అందరిలోకీ ఎక్కువ ఏడ్చింది జీవాలు మేపే ముసలాయన. గొర్రెలను ఎవరికో అప్పజెప్పి వచ్చి, వాకిట్లో ఓ మూల కూర్చుని గుండెలు బాదుకున్నాడు. మా ఇంటికీ వాళ్ళింటికీ రాకపోకలే లేవు. మా నాయన ఆయన గొర్రెలను మా బావి కాడి నీళ్ళ తొట్టి దగ్గరికి కూడా రానిచ్చేవాడు కాదు. ఈయనకు ఇంత దుఃఖమేమిటని నాకు అనుమానం. తమ్ముడు నా చెవిలో, "పెదనాయన ఈనకేమన్నా రాసిచ్చినాడంటావా?" అన్నాడు.

దినం అయ్యాక తుపాకి విలువ తేల్చుకోవాలని కూర్చున్నాం. ఆత్మకూరులో మా వీధిలో ఒకాయన ఉన్నారు, పోలీసుల ఆయుధాలు బాగుచేసే పనిలో ఉండి రిటైరయ్యారు. ఆయన్ను బతిమాలి ఉదయగిరి తీసుకెళ్ళాం. ఎస్సై గారు ఎదురుగా కూర్చుని చూడమన్నారు. తుపాకి పెద్దమ్మ చీరలోనే ఉంది, మీద కట్టిన ముడి కూడా పెదనాయన వేసిందే. తమ్ముడు ఆ ముడిని ఫోటో తీసుకున్న తర్వాతే విప్పనిచ్చాడు.

మాతో వచ్చిన పెద్దాయన గొట్టాలు మడిచి వెలుగుకు పెట్టి చూశారు. వేలితో తడిమారు. "దొర తుపాకి అని ఎవురమ్మా చెప్పింది? ఇది ఈ దేశంలో చేసిందే. మీ తాత యాడో పాతది కొనుంటాడు. లోపలంతా తుప్పు. మీరు కారుకిచ్చిన బాడుగ కూడా రాదు."

తమ్ముడు నన్ను పక్కకు లాగాడు. "తక్కువ చెప్పి తనే కొట్టేద్దామని చూస్తుండాడక్కా." నాకూ ఒక క్షణం అలాగే అనిపించింది. ఏం చెయ్యను, రక్తం అలాంటిది. అంతలో ఆయన, "ఇంకో సంగతి. దీనికి పిన్నులు లేవు" అన్నారు. ట్రిగ్గరు నొక్కితే తూటా వెనక పొడిచే చిన్న ఇనప ముక్కలట అవి. అవి లేకపోతే తుపాకి పేలదు. "ఇరిగిపోయినయ్ గాదు. ఎవురో పనిగట్టుకోని తీసేసినారు. శానా ఏళ్ళయింది, ఆ సందులో తుప్పు చూడండి."

స్టేషన్‌లో ఎవరో తీశారని తమ్ముడు గొంతు పెంచబోతే చెయ్యి పట్టి బయటికి తెచ్చాను. నేరుగా పెద్దమ్మ దగ్గరికి పోయాం. ఆమె పంచలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. విషయం చెబితే తలెత్తకుండానే, "ఇప్పటికి తెలిసిందా మీకు?" అంది.

"ఎవురు తీసినారు పెద్దమ్మా?"

"ఎవురు తీస్తారు? మీ పెదనాయనే. పంపకాలైన మర్నాడు తీసి మీ బావిలో ఏసినాడు."

"మా బావిలోనా? ఎందుకు?"

"ఇంట్లో దాపెడితే మీ నాయన ఎతుకుతాడు. తన బావిలో తనెందుకు ఎతుక్కుంటాడు?"

తర్వాత చింతపండు పక్కన పెట్టి చెప్పింది. నేను పుట్టకముందు ఒక ఎండాకాలం గొర్రెలు మా శెనక్కాయ చేలో పడ్డాయట. మా నాయన గోడ మీది తుపాకి తీసి, రెండు గొట్టాల్లోనూ తూటాలు పెట్టుకుని పోయాడట. అప్పటికి కుర్రవాడైన ఆ జీవాలాయన చేలో కూలబడి దండం పెడుతున్నాడు. పెదనాయన పరుగున పోయి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. గొట్టాలు తన రొమ్ముకు ఆనుతున్నా కదల్లేదు. ఆ పూట ఎట్లాగో గడిచింది.

"మీ నాయన మంచోడే. కోపమొస్తే మాత్రం మడిసి గాదు. తుపాకి నాకియ్యరా అని అడిగితే ఇస్తాడా? మొండికేస్తాడు. అందుకని బావి ఆ పక్కన బెట్టినాడు. బావి ఉండే పక్కకే పోతాడని తెలుసు గదా."

"మరి పిన్నులు తీసేసినట్టు నాయనకు ఎందుకు చెప్పలా?"

"చెప్తే బాగుచేపిచ్చుకుంటాడు. నేనూ అడిగినా, తమ్ముడు నిన్ను దొంగను జూసినట్టు జూస్తుండాడే, నీకు బాధగా లేదా అని." పెద్దమ్మ పైటతో కళ్ళు తుడుచుకుంది. "అనుమానపడితే పడనీ, అనుమానపడినందుకు ఎవురూ జైలుకు పోరు, అన్నాడు."

నాకు ఏడుపాగలేదు. ఫోనులో ఏడ్చిన ఏడుపు లోకం కోసం, ఇది ఆయన కోసం. ఎండని బావినీ మంచి పొలాన్నీ ఇచ్చి ఒక తుప్పు తుపాకి కొనుక్కున్నాడు మా పెదనాయన. దానితో మా నాయన జైలుకు పోకుండా మా మధ్యే ముసలివాడై, తన మంచం మీద పోయాడు. నేను తండ్రి ఉన్న ఇంట్లో పుట్టాను. తుపాకి విలువ ఎంత అని ఇన్నేళ్ళూ లెక్కలేశాం గానీ ఆ విలువలో నాకొక తండ్రి ఉన్నాడని ఎవరు చెబుతారు?

తమ్ముడికి పుట్టుకతోనే మా నాయన కోపం వచ్చింది. లైసెన్సు తన పేరుకు మార్పించుకోవాలన్న వాడు, మర్నాడు ఉదయగిరి పోయి, తుపాకి మాకు వద్దని సంతకం పెట్టి వచ్చాడు. చీర మాత్రం అడిగి తెచ్చి పెద్దమ్మకిచ్చాడు.

ఆత్మకూరు బస్సుకు టైముందని ఆ సాయంత్రం బావి దగ్గరికి పోయాను. మోటారు ఆడుతోంది. బండ మీద ఎవరూ లేరు. ఆయన కూర్చునే మేర నున్నగా అరిగి ఉంది. వంగి బావిలోకి చూశాను. నీళ్ళు నల్లగా, నిలకడగా ఉన్నాయి. అడుగు కనిపించలేదు.

వెనక గొర్రెల గంటలు వినిపించాయి. జీవాలాయన మా గట్టు అవతలే ఆగిపోయి, లోపలికి అడుగు పెట్టకుండా కర్ర మీద ఆనుకుని అడిగాడు.

"అమ్మా, బావిలో నీళ్ళెంతుండాయి?"

"శానా ఉండాయి" అన్నాను. "తోలుకోనిరా."