మిషను లేచిన టైము

రాజాం దగ్గర మా ధాన్యం మిల్లులో కాటా గది చాలా చిన్నది. లోపల ఒక కంప్యూటరు, చీటీలు కొట్టే ప్రింటరు, మా వదిన కుర్చీ పట్టేసరికి ఇంక చోటుండదు. నేను కిటికీ బయట నిలబడే మాట్లాడతాను. మిల్లులో నాది లెక్కల పని. తప్పులు చేసుకుంటూ పైథాన్ నేర్చుకున్నాక, ఆ కంప్యూటరు బాగోగులు కూడా నా మీదే పడ్డాయి.

ధాన్యం బండిని నిండుగా ఒకసారి, దింపాక ఖాళీగా ఒకసారి తూస్తారు. ఓ ఉదయం ఒక ట్రాక్టరు చీటీ మీద ఖాళీ తూకం టైము నిండు తూకం కంటే ముందు పడింది. మిల్లు షావుకారు ఆ చీటీ పట్టుకుని కాటా గదికి వచ్చారు.

"ఏటమ్మా ఇది? బండి దింపకుండానే కాళీ బరువెలాగొచ్చింది? పాత బరువేసీసి ఊరుకున్నావేటి?"

"బండి కాటా ఎక్కకుండా నేను సీటీ ఇవ్వనండి," అంది వదిన.

"సీటీ మరోలా సెప్తంది. రేపట్నుంచి సంచులు కుట్టే కాడికెల్లు."

ఆ కుర్చీ అంటే వదినకి ఎంత ఇష్టమో నాకు తెలుసు. సాయంత్రం దాకా ఆగమని షావుకారుని బతిమాలాను.

తూకం వేసిన ప్రతిసారీ కంప్యూటరు తన లాగ్‌లో ఒక పద్దు రాసుకుంటుంది. ఆ పద్దులు చదవడానికి పైథాన్‌లో ఒక లైబ్రరీ ఉంది. ముందు పద్దుల్లో గడియారం టైము చూశాను. చీటీ మీద ఉన్నదే అక్కడా ఉంది. తెర వదిలి వదిన వైపు చూశాను.

"ఏటి మరిదీ, పెళ్లిసూపులకొచ్చినట్టు అలాగ సూస్తన్నావు?" అంది వదిన. గొంతులో మాత్రం నవ్వు లేదు.

ఆ లైబ్రరీ ప్రతి పద్దుకీ ఇంకో టైము కూడా ఇస్తుంది. మిషను, అంటే ఆ కంప్యూటరు, లేచినప్పటి నుంచి ఎంతసేపైందన్న లెక్క అది. గడియారాన్ని ఎవరెటు తిప్పినా దానికి పట్టదు, ముందుకే నడుస్తుంది. మిషను ఆపి మళ్లీ వేస్తే మాత్రం సున్నా నుంచి మొదలవుతుంది. అందుకే ఏ సారి లేచినప్పటి లెక్కో చెప్పే గుర్తు కూడా దానికి తోడుగా వస్తుంది. రెండు పద్దులకీ ఒకే గుర్తుంది. ఆ లెక్క ప్రకారం నిండు తూకం ముందు, ఖాళీ తూకం తర్వాత. వదిన రెండుసార్లూ సరిగ్గానే తూచింది.

మరి గడియారం ఎందుకు వెనక్కి వెళ్లింది?

"వదినా, పొద్దున్న మిషనెయ్యగానే ఏం చేస్తావు?"

"అగరొత్తి ఎలిగిస్తాను. దాని టైమెప్పుడూ తప్పే కదా, గోడ గడియారం సూసి సరిసేస్తాను."

మిషను ఆపినా టైము తప్పకుండా చూసే, కంప్యూటరు లోపలి బ్యాటరీ అయిపోయిందని అప్పుడు అర్థమైంది. గోడ గడియారమేమో, బస్తాలు మోసే కళాసీలు ఆలస్యంగా వస్తున్నారని షావుకారే ఇరవై నిమిషాలు ముందుకు పెట్టారు. అది తెలుసు కాబట్టి కళాసీలు ఇరవై నిమిషాలు ఆగే వస్తారు. వదిన ఒక్కతే దాన్ని నమ్మి కంప్యూటరుకి ఆ టైమే పెడుతుంది. నెట్ రాగానే కంప్యూటరు తనంతట తానే అసలు టైముకి మారిపోతుంది. రోజూ మొదటి బండి వచ్చేలోపే అది జరిగిపోయేది. లాగ్‌లో చూస్తే, ఆవేళ నెట్ రెండు తూకాల మధ్యలో వచ్చింది.

సాయంత్రం షావుకారుని పిలిచి ఇదంతా చూపించాను. ఆయన తెర వైపూ గోడ వైపూ చూశారు.

"అయితే నా గడియారమే నీ మీద సాడీ సెప్పిందన్నమాట," అన్నారు వదినతో. "నీ కుర్చీలో నువ్వే కూకో. గడియారం మాత్రం ముట్టుకోకండి. సరిసేస్తే కళాసీలు మద్దేనానికొస్తారు."

కొత్త బ్యాటరీ వేశాను. ఇప్పుడు వదిన పొద్దున్నే అగరొత్తి వెలిగించి, చెయ్యి కీబోర్డు దాకా పోనిచ్చి, గుర్తొచ్చి వెనక్కి తీసుకుంటుంది. నేను టీకి వస్తానన్న వేళకి రాకపోతే మాత్రం కిటికీలోంచి అడుగుతుంది.

"నువ్వు సెప్పింది ఏ టైము మరిదీ, గోడ టైమా, మిషను లేచిన టైమా?"