దర్జీ బెలూన్

మనసు కుదుటపడితే షుగరు జబ్బు తగ్గుతుందా? ఆ సంగతి ఇప్పటికీ తేలలేదు. షుగరున్న దర్జీ మాత్రం వారం వారం ఆసుపత్రిలో తలకు వైర్లు అంటించుకుని తెర ముందు కూర్చుంటాడు. మెడలో కొలతల టేపు తీయడు. గుబులు తగ్గితే తెరమీది బెలూన్ బొమ్మ లేస్తుంది, పెరిగితే కిందికి జారుతుంది. ఇదే జబ్బుతో పాదంలో స్పర్శ పోయి, పుండు ముదిరి అన్నకు కాలు తీసేసినప్పటినుంచి అతని బెలూన్ నేల వదలలేదు.

"ఊపిరి బిగబట్టకు బాబాయ్, సూదిలో దారం ఎక్కిస్తున్నావా?" అంది నర్సు. అతను నవ్వాడు. బెలూన్ మొదటిసారి పైకి తేలింది. నేలమీద పడున్న వైరు సర్దబోయి ఆమె అతని మడమ చూసి ఆగిపోయింది. గుండుసూది తలదాకా దిగి ఉంది. "ఇదెప్పుడు గుచ్చుకుంది?" "పొద్దున మిషన్ దగ్గరేమో. తెలియలేదమ్మా." బెలూన్ జారిపోయింది. ఆమె దూది తెచ్చేలోగా అతను వైర్లు ఊడదీసి, సూది పీకి, అలవాటుగా చొక్కా అంచుకు గుచ్చుకుని, వెళ్ళొస్తానని కూడా అనకుండా, కుంటకుండానే మెట్లు దిగిపోయాడు.