సినిమా సగంలో ఆపించేశారు

ఈ సాయంత్రం అమలాపురంలో మా ఫిల్మ్ క్లబ్ ఒక పాత ఇటాలియన్ సినిమా వేసింది. అందులో ఫాసిస్టులకు వ్యతిరేకంగా కరపత్రాలు అచ్చేసిన మనిషి కోసం, ఊరిని ఆక్రమించిన జర్మన్ సైనికులు ఇల్లిల్లూ గాలిస్తున్నారు. అతని భార్య తలుపు తీయబోతుండగా హాలు ఓనరు సినిమా ఆపించేశారు.

"ఇటలీ కథతో మీకేంటండీ ఇబ్బంది?" అని అడిగాను.

"ఆయ్, ఇటలీదేనండీ. కానీ చూసినోళ్లు ఇక్కడోళ్ల గురించే అనుకుంటారు కదండీ!"

ఒళ్లు మండిపోయింది. ఇటలీవాళ్లు తమ దేశంలో జరిగిన ఘోరాన్ని తామే సినిమాలు తీసి చూపించుకున్నారు. మనకి అది చూడ్డానికి కూడా ధైర్యం లేదు.

వెనక వరసలోని రిటైర్డ్ టీచరు మేరీగారు మాత్రం, "ఆవిడ తలుపు తీసిందో లేదో తేలేదాకా నేను లేవనండీ!" అని కుర్చీలోనే ఉండిపోయారు.

మీలో ఎవరింట్లోనైనా పెద్ద గది ఉంటే చెప్పండి. మిగతా సగం ఆవిడకి చూపించాలి.