కిటికీకి ఆమె ఒప్పుకున్న రోజు

నాకప్పుడు నలభై ఆరేళ్లు. పోర్ట్ బ్లెయిర్‌లో, డాలీగంజ్‌లోని మా ఇంటి వెనుక ఒక గది కట్టాలని మావారు దరఖాస్తు రాశారు. ముందు ఇరుగుపొరుగుకు చెప్పి సంతకాలు తెమ్మన్నారు ఆఫీసులో. తెచ్చేలోపే ఆయన గుండెపోటుతో పోయారు. రెండు నెలల తరవాత నా పేరుతో కాగితం మళ్లీ రాయించి నేనే తిరిగాను. చివరికి వెనకింటి దీదీ సంతకం మిగిలింది.

ఆమె విశాఖలో మూడు నెలలుండి ఆ ఉదయమే ఓడ దిగింది. ఆమెకేమీ తెలియదు.

“అరే, భయ్యా నిన్ను పంపినాడా? డర్‌పోక్, ఉత్త పిరికివాడు! నా వైపు కిటికీ పెడితే ఒప్పుకోనన్నాను కదా. ఆయన్నే రమ్మను, అప్పుడు పెడతాను సంతకం” అని నవ్వింది.

కాగితం చేతికిచ్చాను. మావారి పేరుకు ముందున్న ‘స్వర్గీయ’ అన్న మాట దగ్గర ఆమె ఆగిపోయింది.

“ఎప్పుడు, బహెన్?”

చెప్పాను. ఆయన పోయారని నా నోటితో చెప్పడం అదే మొదటిసారి.

ఆమె చాలాసేపు ఏడ్చింది. తరవాత సంతకం చేసి, ‘కిటికీ పెట్టుకోవచ్చు’ అని కింద రాసింది.

గది కిటికీతోనే కట్టించాను. దీదీతో వాదించి ఆయన నెగ్గింది ఆ ఒక్కసారే. ఆ సంగతి ఆయనకు తెలియదు.