మావయ్య బోలు గిటారు

పక్షవాతం వచ్చి మా మావయ్యకు ఎడమ కాలూ ఎడమ చెయ్యీ పడిపోయాయి. కొన్నాళ్లకు కాలు కొంచెం తిరిగొచ్చింది. గోడ పట్టుకుని వసారా దాకా నడవగలిగేవారు. చెయ్యి మాత్రం స్పర్శ కూడా లేకుండా, ఎవరో ఒళ్లో పెట్టి మరిచిపోయిన తువ్వాలులా అలా పడి ఉండేది. ఫిజియోథెరపీ చేయించడానికి వచ్చే అమ్మాయి ఒక మెత్తటి రబ్బరు బంతి ఇచ్చి, రోజూ దాన్ని ఎడమచేత్తో నొక్కమని చెప్పింది. ఆమె గేటు దాటగానే మావయ్య ఆ బంతిని కుడిచేత్తో తీసి మంచం కిందికి దొర్లించేసేవారు.

"అది నొక్కాలి మావయ్యా," అన్నాను ఒకరోజు, చీపురుతో దాన్ని బయటికి లాగుతూ.

"నానేటి సంటి గుంటణ్నా?" అన్నారు. మాట ముద్దగా వచ్చేది గానీ అర్థమయ్యేది. "నొక్కితే ఏటొస్తాది దానికాణ్నించి? గాలొస్తాది."

మేముండేది విజయనగరంలో. మా ఆయన రైల్వేలో పని చేస్తారు, పొద్దున్నే కొత్తవలస వెళ్లిపోతే చీకటి పడే వేళకు వస్తారు. నేను ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతాను. అప్పుడు వేసవి సెలవులు. ఇంట్లో నేనూ, అత్తయ్యా, మావయ్యా. కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ మావయ్యకూ నాకూ మధ్య పెద్దగా మాటలు ఉండేవి కావు. టీ గ్లాసు పెట్టేటప్పుడు "టీ మావయ్యా" అనడం, తీసేటప్పుడు "తాగీసినారా" అని అడగడం, అంతే. ఇప్పుడు పగలంతా ఒకే గదిలో ఉండాల్సి వచ్చింది.

ఆయన జనపనార మిల్లులో టైమ్‌కీపరుగా చేసేవారు. అది పగటి పని. పెళ్లిళ్ల సీజన్లోనూ, ఊళ్లలో తీర్థాలు జరిగేటప్పుడూ ఒక ఆర్కెస్ట్రా పార్టీలో గిటారు వాయించేవారు. శ్రీకాకుళం జిల్లా దాటి ఒడిశా ఊళ్ల దాకా వ్యాన్లో వెళ్లి వచ్చేవారట. తర్వాత పెళ్లిళ్లలోకి డీజేలు వచ్చాయి. పార్టీలో ఒకళ్లొకళ్లే తగ్గిపోయారు. అదే సమయంలో గిటారు కూడా పాడైంది. బాగు చేయించే తొందర ఎవరికీ లేకపోవడంతో దాన్ని పెట్టెలో పెట్టి అటక ఎక్కించేశారు. నేను వచ్చేనాటికి అది అటక మీదే ఉంది.

బంతి గురించి మాట్లాడుకున్న ఆ రోజే, కొంచెం సేపయ్యాక, ఆయన కుడిచేత్తో అటక వైపు చూపించారు.

"అది తియ్యమ్మా. పట్టుకుంటే అది పట్టుకుంతాను."

వంటింట్లోంచి అత్తయ్య విన్నది. "దాని గొంతూ పోనాది, మీ గొంతూ పోనాది. ఇద్దరూ కలిసి ఏటి పాడతారు?" అంది. అంటూనే వచ్చి, నేను స్టూలెక్కితే కింద పట్టుకుంది.

పెట్టె మూత తెరవగానే నాఫ్తలీన్ ఉండల వాసన వచ్చింది. ఉండలు కొత్తవే. ఏటా ఎవరో మారుస్తున్నారన్నమాట. నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ కొంగుతో పెట్టె మీది దుమ్ము దులుపుతోంది.

నేను అంతవరకూ గిటారంటే చిన్నాపెద్దా తేడా తప్ప ఏమీ ఎరగను. ఇది ఎలక్ట్రిక్ గిటారే గానీ లోపల బోలు. పండిన ఈతపండు రంగు. పైపలక మీద వయొలిన్‌కి ఉన్నట్టే రెండు పక్కలా వంపు తిరిగిన పొడవాటి కంతలు. తీగల కింద రెండు చోట్ల పికప్‌లు, అంటే తీగ కదలికను కరెంటుగా మార్చే అయస్కాంతాల డబ్బీలు. వాటి పక్కన ఒక స్విచ్, నాలుగు నాబ్‌లు. గిటారును మావయ్య ఒళ్లో పెట్టి, ఎడమ చేతిని తీసుకెళ్లి మెడ మీద ఉంచాను. వేళ్లు దాని చుట్టూ వాలాయి. బంతి మీద వాలనివి.

ఆయన కుడిచేత్తో తీగలు మీటారు. కరెంటు లేకుండానే సన్నగా, కిటికీ అవతల ఎవరో వాయిస్తున్నట్టు వినిపించింది. "యాంపు పెట్టు," అన్నారు.

మంచం కింద ఉన్న పాత యాంప్, అంటే శబ్దం పెంచే పెట్టె, తీసి కేబుల్ గుచ్చాను. బరబరా గరగరా. కేబుల్ కదిపితే శబ్దం వస్తోంది, వదిలితే పోతోంది. నాబ్ తిప్పితే ఎండుటాకుల మీద నడిచినట్టు చప్పుడు. స్విచ్ ఒకవైపు వేస్తే అసలేమీ రాదు. వీటన్నిటి వెనకా ఆగకుండా ఒక జుమ్మనే రొద. అత్తయ్య చెవులు మూసుకుంది. మావయ్య మొహం చిన్నబోయింది. నాకు మాత్రం ఎందుకో సరదా పుట్టింది. నేను శ్రీకాకుళంలో పాలిటెక్నిక్ చదివాను, ఎలక్ట్రానిక్స్. అప్పట్లో ల్యాబ్ అంటే నాకు ప్రాణం. పెళ్లి, బడి, పరీక్ష పేపర్లు వీటిలో పడి వైర్లు అతికే సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోక ఏళ్లయింది.

"ఇది నేను చూస్తాను మావయ్యా," అన్నాను.

"నీకొచ్చా?"

"చదువుకున్నాను. వచ్చో రాదో చూడాలి."

ఎచ్చెర్ల దగ్గర మా పుట్టింట్లో ఉన్న నా పాత పెట్టెను తెప్పించుకున్నాను. ఐరన్, సోల్డర్ తీగ, మీటర్, అన్నీ తుప్పు పట్టకుండా ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే మంచం మీద పాత దుప్పటి పరిచి గిటారును పడుకోబెట్టాను. తీరా చూస్తే వెనక మూత లేదు. లోపలి సామానంతా ఆ వంపు కంతలోంచే బయటికి రావాలి, మళ్లీ అందులోంచే లోపలికి పోవాలి. కంతలోకి నా రెండు వేళ్లు పడతాయి, చెయ్యి పట్టదు.

"దారాలు కట్టు," అన్నారు మావయ్య. "ఒకపాలి మా పార్టీలోవోడు తీస్తే సూసినాను. ఒక్కోదానికీ దారం కట్టి లోపలికి వొదిలీసినాడు. తర్వాత ఆ దారం పట్టుకుని లాగినాడు."

అత్తయ్య పూలు కట్టే దారం ఇచ్చింది. నేను తీగలు వదులు చెయ్యబోతుంటే మావయ్య గట్టిగా "ఆగు" అన్నారు. తీగలు ఆనే చెక్క బ్రిడ్జికి మేకు లేదట, జిగురు లేదట. తీగల ఒత్తిడికే నిలబడి ఉంటుంది. తీగలు వదిలితే పడిపోతుంది, మళ్లీ అక్కడే పెట్టకపోతే శ్రుతి కుదరదు. ఎలా గుర్తు పెట్టాలా అని చూస్తుంటే అత్తయ్య తన బొట్టుబిళ్లల అట్ట తెచ్చింది. బ్రిడ్జి నాలుగు మూలలా నాలుగు ఎర్ర బొట్లు అంటించాం. గిటారు పెళ్లికూతురులా తయారైంది. పక్షవాతం తర్వాత మావయ్య నవ్వడం అప్పుడే చూశాను. నవ్వు ఒక పక్కకే వచ్చింది.

నాబ్‌లు పీకి, నట్లు విప్పి, వాటి కింద తిరిగే బిళ్లలకూ మిగతావాటికీ ఒక్కోదానికి దారం కట్టి లోపలికి దించాను. కంతలోంచి పట్టకారుతో మెల్లగా లాగితే చేపల గుత్తిలా వైర్లు, బిళ్లలు అన్నీ బయటికొచ్చాయి. ఒక్కొక్కటే చూస్తే దేనికది తెలిసిపోయింది. కేబుల్ గుచ్చే జాక్ నట్టు వదులై, గుచ్చినప్పుడల్లా జాక్ మొత్తం తిరిగి తిరిగి, దాని వైరు ఒక్క పోగు మీద వేలాడుతోంది. స్విచ్ దగ్గర మెడ వైపు పికప్ వైరు పూర్తిగా ఊడిపోయింది. తీగల చివర్లు కట్టే ఇనప ముక్కకు వెళ్లాల్సిన ఎర్త్ వైరు కూడా ఊడింది, ఆ జుమ్మనే రొద దానివల్లే. నాబ్‌ల బిళ్లల లోపల పచ్చగా చిలుము.

చిలుముకు స్ప్రే కొట్టి, ఆ బిళ్లలు మావయ్య కుడిచేతికిచ్చి తిప్పుతూ ఉండమన్నాను. సోల్డరింగ్‌కు కూర్చుంటే వైరు కదిలిపోతోంది. ఒక చేత్తో ఐరన్, ఒక చేత్తో సోల్డర్, మరి వైరు ఎవరు పట్టుకోవాలి? అత్తయ్య వంటింట్లో ఉంది. నేను ఆలోచించకుండా మావయ్య ఎడమ చేతిని తీసి, అట్టముక్క మీద వైరుకు అడ్డంగా బరువులా పెట్టాను. పెట్టాక గానీ ఏం చేశానో తట్టలేదు. ఆయన ఏమంటారోనని తలెత్తలేదు. నేను ఐరన్ ఆనించాను. పొగ లేచింది.

"అమ్మా, వేడెక్కతన్నాది," అన్నారు.

"ఏది?"

"వైరు. వేలికి తెలస్తన్నాది."

నేను ఐరన్ తీసేశాను. ఆయన తన ఎడమ చూపుడువేలినే చూస్తున్నారు. "ఏటీ కాదు, సేసుకో. కాలినేదు. తెలిసినాది, అంతే," అన్నారు మళ్లీ. నేను ఆయన వేలిని వైరు కొసకు కాస్త దూరంగా జరిపి మళ్లీ ఐరన్ అందుకున్నాను.

అన్నీ అతికాక లోపలికి పంపడం మొదలుపెట్టాను. దారాలు లాగితే నాబ్‌ల బిళ్లలు వాటి రంధ్రాల్లోకి వచ్చాయి. జాక్ రాలేదు. దాని దారం మధ్యలో జారిపోయింది, గిటారు అంచున ఉన్న రంధ్రం దాకా దాన్ని తీసుకెళ్లే దారి లేదు. వేళ్లతో తోశాను, పట్టకారుతో తోశాను. చెమటలు పట్టాయి.

అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. "లంగాకి బొందు ఎక్కించనేదేటి నువ్వెప్పుడూ?" అని, సన్నటి రాగి తీగ ఒకటి తీసుకుని జాక్ రంధ్రంలోంచి లోపలికి పోనిచ్చింది. మెల్లగా తిప్పుతూ తిప్పుతూ కంత దగ్గరికి రప్పించింది. ఆ కొసను జాక్‌కు కట్టాం. ఆవిడ ఇటు నుంచి లాగుతుంటే నేను అటు నుంచి వదిలాను. జాక్ రంధ్రంలోంచి బయటికి తొంగిచూసింది.

"ఇంతే కదేటి," అంది అత్తయ్య, వెంటనే వెళ్లిపోకుండా అక్కడే కూర్చుంది.

తీగలు బిగించాం. బ్రిడ్జిని బొట్ల మధ్య నిలబెట్టాం. యాంప్ ఆన్ చేశాను. మావయ్య మీటారు.

ఏమీ రాలేదు. గరగర కూడా లేదు.

నేను నాబ్‌లన్నీ తిప్పాను, కేబుల్ తీసి మళ్లీ పెట్టాను. ఏమీ లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఉన్నది కాస్తా పాడుచేశాననిపించింది.

"ముందు గరగరైనా వచ్చీది," అంది అత్తయ్య.

"ఒసే, నువ్వూరుకో," అన్నారు మావయ్య. తర్వాత నాతో, "అన్నం తినీసి రా అమ్మా. అదెక్కడికీ ఎల్లదు," అన్నారు. కోపం లేదు, నిరాశ లేదు. ఆయన నన్ను అన్నం తినమనడం అదే మొదలు.

తిని వచ్చి, కేబుల్ కొసన మీటర్ పెట్టి చూశాను. సున్నా. ఎక్కడో రెండు వైర్లు తగులుకున్నాయి. ఏం చేశానో అప్పుడర్థమైంది. ఆ పాత వైర్లకు పైన ప్లాస్టిక్ తొడుగు లేదు, అల్లిన రాగి జాలీ ఉంది. బయట ఉన్నంతసేపూ బాగానే ఉంది. లోపలికి లాగేటప్పుడు ఒంగి, ఆ జాలీ పోయి, శబ్దం వచ్చే వైరు అతికిన జాక్ కాలికి తగిలింది. మళ్లీ తీగలు వదిలి, మళ్లీ జాక్‌ను లోపలికి దించి, కంతలోంచి బయటికి తీసి, రెండు కాళ్లకూ ప్లాస్టిక్ తొడుగులు వేశాను. ఈసారి బొందు ఎక్కించే పని అత్తయ్య ఎవరూ పిలవకుండానే అందుకుంది.

తీగలు మళ్లీ బిగించి యాంప్ ఆన్ చేస్తే లోపల్నుంచి సన్నగా చిన్న రొద. మావయ్య కుడి అరచెయ్యి తీగల మీద వేశారు. రొద టక్కున ఆగింది. ఎర్త్ కుదిరిందన్నమాట. ఆయన చెయ్యి ఎత్తి, ఒక్కసారి పై నుంచి కిందికి మీటారు.

ఆ శబ్దం ఎలా ఉందో చెప్పడం నాకు చేతకాదు. గుండ్రంగా ఉంది. గది నిండిపోయింది. గోడకున్న అద్దం అదిరింది. ఆయన స్విచ్ మార్చి మీటారు, మెడ వైపు పికప్ కూడా పలికింది, ఇంకా మెత్తగా. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కానీ అన్నీ ఖాళీ తీగలే. పాట రావాలంటే ఎడమచేత్తో తీగలు నొక్కాలి. ఆయన ఆ చేతి వైపు చూసి, గిటారు పక్కన పెట్టబోయారు.

"ఎక్కడ నొక్కాలో చెప్పండి మావయ్యా. నేను నొక్కుతాను," అన్నాను.

పక్కన కూర్చుని ఆయన చెయ్యి మీదుగా నా చెయ్యి గిటారు మెడ మీది అడ్డ పట్టీల దగ్గరికి పోనిచ్చాను. "రెండో తీగ, మొదటి గడి. కాదు, ఇంకొంచెం ఇవతలికి. గట్టిగా." తీగ వేలిలోకి దిగిపోయి నొప్పి పుట్టింది. మూడు వేళ్లు సర్దడానికి చాలాసేపు పట్టింది. సర్దాక ఆయన మీటారు. సగం తీగలు పలికాయి, సగం టప్‌మన్నాయి.

"ఇది సీ కార్డు. మూడు సొరాలు కలిసి పలకతాయి. సిన్నపిల్లలు ముందిదే నేర్చుకుంతారు," అన్నారు.

బళ్లు తెరిచాక కూడా సాయంత్రాలు అలాగే కూర్చునేవాళ్లం. ఫిజియో అమ్మాయి ఒకసారి చూసి, బంతి మాట ఎత్తడం మానేసింది. రోజూ కాసేపు నా వేళ్లు తీసేసి ఆయన వేళ్లు పెట్టమంది. వానాకాలం వెళ్లేసరికి ఆయన చూపుడువేలు సన్న తీగను నొక్కగలిగింది. మిగతా వేళ్లు ఇంకా రాలేదు, వస్తాయో రావో డాక్టరు గారూ చెప్పలేదు. ఆ ఒక్క వేలితో ఆయన ఒక సన్నటి వరుస వాయిస్తారు, నెమ్మదిగా. మా వీధి భజన వాళ్లు విని, వాళ్ల మూగబోయిన యాంప్లిఫయర్ తెచ్చి మా వసారాలో పెట్టి వెళ్లారు. అది కూడా పలికించాను. ఇప్పుడు నా ఐరన్‌కు అల్మరాలో ఒక అర ఉంది.

మొన్న దీపాలు పెట్టే వేళ అత్తయ్య బియ్యం ఏరుతూ, "అదొకటుండీది కదా, మన పెళ్లైన కొత్తల్లో శ్రీకూర్మం తీర్థంలో వాయించినారు," అంది.

మావయ్యకు గుర్తు రాలేదు. "ఏదే?"

ఆవిడ చేట పక్కన పెట్టి, తల వంచుకుని, చిన్నగా కూనిరాగం తీసింది. ఒక చరణం సగం దాకా వచ్చి సిగ్గుపడి ఆగిపోయింది. మావయ్య చూపుడువేలు తీగ మీద అటూ ఇటూ వెతికి ఆ వరుసను పట్టుకుంది. "ఇప్పుడు నువ్వు," అన్నారు నాతో. ఆయన వేలు తీసి నాకు చోటిచ్చారు. నేను వేళ్లు సర్దుకునే దాకా కుడిచెయ్యి గాల్లో ఎత్తి ఉంచి, నా వైపు చూస్తూ ఆగారు.